మోకలో పెట్టిన మూట

మా ఆయనకు నేపాళంలో పని దొరికిందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరు నోరు విప్పినా చలి మాటే. బళ్ళారివాళ్ళకు చలి గురించి ఏం తెలుసునని! కార్తీకంలో తెల్లవారుజామున కాస్త గాలి తగిలితే చాలు, మా అత్త తలకు తువ్వాలు చుట్టుకొని "అబ్బ, ప్రాణం పోతాండాది" అనేది. తక్కిన సంవత్సరమంతా విసనకర్రతోనే సంసారం. అలాంటివాళ్ళు ఉన్నపళంగా మంచుకొండల పండితులైపోయి, ఆ దేశంలో నీళ్ళు బిందెలోనే గడ్డకడతాయని, చెవులు ఊడి చేతికొస్తాయని చెప్పేవారు. అందరూ నాకే చెప్పేవారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన పోవడం ఖాయమైపోయింది కాబట్టి, ఆపవలసింది నన్నొక్కదాన్నే.

మా ఆయన రోడ్ల ఓవర్సీరు. తుంగభద్ర డ్యాము కట్టేటప్పుడు కాలువగట్ల వెంబడి రోడ్లు వేయించాడు. ఆ పని ముగిసింది. నేపాళం కొండల్లో మనవాళ్ళు రోడ్డు వేస్తున్నారు, మూడేళ్ళ పని, వస్తావా అని పైఅధికారి అడిగితే, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా సరేనని వచ్చాడు. మామకు బజారులో పత్తి అంగడి. ఒక్కగానొక్క కొడుకు గద్దె మీద కూర్చోకుండా కంకర పోయించుకుంటూ తిరగడమే ఆయనకు మింగుడుపడలేదు. ఇప్పుడు ఇది!

నాకు పెళ్ళయి రెండేళ్ళు. అందులో ఆయన క్యాంపుల్లో ఉన్న రోజులు తీసేస్తే మేమిద్దరం ఒకచోట ఉన్నది ఎంతో లేదు. మళ్ళీ మూడేళ్ళు ఆయన అక్కడ, నేను ఇక్కడ అంటే నా వల్ల కాదు. సిగ్గుపడకుండా ఆ మాట మామ ముందే అనేశాను.

"నేనూ పోతా మామా."

ఆయన దిండుకు ఆనుకొని నన్ను చూసి నవ్వాడు. "వాడు పోనీమ్మా. ఆడ ఇల్లూ వాకిలీ కుదుర్చుకోనీ. నీ సంగతి తర్వాత చూద్దాం."

ఆ ఇంట్లో తర్వాత చూద్దామన్న పని జరగడం నేనెప్పుడూ చూడలేదు. పెరటి గోడకు సున్నం తర్వాత చూద్దాం, అత్తకు కళ్ళజోడు తర్వాత చూద్దాం. ఆ వరసలో నన్నూ చేర్చారు. నాకు ఒళ్ళు మండింది. తాడోపేడో తేల్చుకోవాలని ఆ పూటే అనుకున్నాను.

డ్యాము దగ్గర పాత బండ్లు వేలం వేస్తే మా ఆయన ఒక జీపు కొన్నాడు. యుద్ధంలో తిరిగిన బండట. కొండల్లో సొంత బండి ఉంటే మేలు, దాన్ని రైలెక్కించడం కంటే నడుపుకుంటూ పోతేనే నయం అని ఆయన ఆలోచన. బళ్ళారి నుంచి నేపాళం దాకా జీపులో! వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం ఆ బండిని చూడగానే సగం పని అయిపోయినట్టు అనిపించింది. రైలైతే టికెట్టు కావాలి, దాన్ని ఎవరో ఒకరు కొనిపెట్టాలి. జీపులో ఆయన పక్క సీటు ఎటూ ఖాళీయే కదా.

సాయంత్రం అంగడి కట్టేశాక తండ్రీకొడుకులు నడవలో కూర్చొని దోవ గురించి మాట్లాడుకునేవారు. ఆయన రోడ్ల పటం పరిచేవాడు. మామ దాన్ని పక్కకు నెట్టేవాడు.

"ఆ కాగితం ఎందుకప్పా సుమ్నే, ఊరికే? నేను చెప్తాండా గదా. కర్నూల్లో మన దూది కొనే మిల్లాయన ఉండాడు. హైదరాబాదులో కమీషన్ అంగడి. నాగపూర్లో ఇంగొకటి. జబల్పూర్లో సేటు ఉండాడు, మన పేరు చెప్తే చాలు. కాశీలో ఏకంగా మనవాళ్ళ సత్రమే ఉండాది."

మామ స్వయంగా పోయింది హైదరాబాదు దాకానే. ఆ పైన దేశమంతా ఆయనకు పత్తి బేళ్ళు పోయిన దారిలోనే తెలుసు. అయినా ఆ ధీమా చూస్తే ముచ్చటేసేది. నేను కాఫీ తెచ్చి ఇచ్చేదాన్ని, ఇచ్చి లోపలికి పోకుండా గుంజకు ఆనుకొని నిలబడేదాన్ని.

"మామా, హైదరాబాదు నుంచి నాగపూరుకు ఒక పగట్లో పోలేము. నడుమ మేము యాడ పండుకోవాల?"

"వాడు నిర్మల్లో పండుకుంటాడు. ఆడ తెలిసినోళ్ళు ఉండారు."

"మేము వంట యాడ చేసుకోవాల?"

"వాడు సత్రాల్లో తింటాడు లేమ్మా."

నేను మేము అంటాను, ఆయన వాడు అంటాడు. ఆ వాడేమో పటంలో తల దూర్చి కూర్చునేవాడు. మా ఆయన బంగారంలాంటి మనిషి గానీ తండ్రి ముందు నోట్లో నాలుక ఉండేది కాదు. సరే, ఆ నాలుక నాకు ఉంది కదా అనుకునేదాన్ని. ఏ ఊళ్ళో ఆగాలి, ఏ ఊరు దాటితే పెట్రోలు దొరకదు, బీహారులో జీపును పడవ మీదికి ఎలా ఎక్కిస్తారు, అన్నీ నేనే అడిగి ఖాయం చేయించాను. ఎండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, అటుకులు డబ్బాలకెత్తాను. ఇద్దరికి సరిపడా ఎత్తాను.

మా అత్త వంటింటి గడపలో కూర్చొని అంతా వినేది. ఆమె అడిగేది ఒక్కటే ప్రశ్న, అది కూడా రోజూ అదే. "కాశీ దాకా రోడ్డు బాగుండాదంటనా?" బాగుందని మా ఆయన చెప్పేవాడు. కాశీ దాటాక రోడ్డు ఏమైనా ఆమెకు పట్టేది కాదు, లేచి లోపలికి పోయేది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఆమె నా పక్షం కాదు, ఆమె ఏం అడిగితే నాకేం!

చలికి మందు మామ దగ్గర ఉంది. ఇంటి నిండా పత్తి పెట్టుకొని చలికి భయపడతామా అని, బజారులో దర్జీ చేత ఒక కోటు కుట్టించాడు. లోపల దూది కూరి, బొంతకు కుట్టినట్టు కుట్లు వేయించాడు. నడివేసవిలో మిట్టమధ్యాహ్నం దాన్ని కొడుక్కు తొడిగి చూశారు. ఆయన చేతులు కిందికి దిగలేదు. రెండు పక్కలా చాచుకొని, చెమటలు కక్కుతూ, పొలంలో దిష్టిబొమ్మలాగా నిలబడ్డాడు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తాను. అక్కడికి పోయాక నవ్వు ఆగిపోయింది. కోటు ఒక్కటే కుట్టించారు. నాకు లేదు. అప్పుడు మాత్రం ఏడ్చాను, దాచుకునేదేముంది!

కళ్ళు తుడుచుకొని లోపలికి వస్తే అత్త అంది: "నీకెందుకే ఆ పాట్లు? ఆడ చలికి నువ్వు తట్టుకోలేవు. గారాబంగా పెరిగినదానివి."

"తట్టుకోలేనా?" అన్నాను. "రేపు చూపిస్తా ఉండు."

మర్నాడు సోడా అంగడి నుంచి రంపపు పొట్టులో చుట్టిన పెద్ద ఐసుగడ్డ తెప్పించాను. నడిముంగిట్లో పెట్టించి, పొట్టు కడిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని ఒట్టి కాళ్ళతో ఎక్కి నిలబడ్డాను. ఓయబ్బో! మొదట చల్లగా హాయిగా ఉంది. తర్వాత మంట. తర్వాత అరికాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు. పళ్ళు బిగపట్టి అత్త మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

"దిగే పిచ్చిదానా! కాళ్ళు పడిపోతాయి!"

"నేను తట్టుకుంటానని చెప్పు, దిగుతా."

"తట్టుకుంటావులే తల్లీ, దిగు!"

దిగితే నిలబడలేక కూలబడ్డాను. ఆమె నూనె తెచ్చి నా పాదాలు ఒళ్ళో పెట్టుకొని తిట్టుకుంటూ రుద్దింది. మొండిఘటం అంది, మీ అమ్మ నిన్నెట్ల సాకిందో అంది. రుద్దడం అయ్యాక పక్కకు తిరిగి, కరుగుతున్న ఆ గడ్డ మీద అరచేయి పెట్టింది.

"గంగ ఇంత చల్లగుంటాదంటనా?"

"ఇంతకంటే కొంచెం తక్కువ అత్తా" అన్నాను. నాకేం తెలుసు? అయినా తెలిసినట్టే చెప్పాను. ఆమె చెయ్యి చాలాసేపు తీయలేదు.

అంత చేసినా మామ మాట మారలేదు. ఈలోగా పురోహితుడు వచ్చి ప్రయాణానికి గురువారం పొద్దున దివ్యమైన ముహూర్తమని చెప్పిపోయాడు. జీపుకేమో కొత్త టైర్లు ఇంకా రాలేదు. మా ఇళ్ళలో అలాంటప్పుడు ప్రస్థానం పెడతారు. పోయే మనిషి బట్ట ఒకటి, ఇన్ని బియ్యం మూటగట్టి, ముహూర్తానికి సరిగ్గా గడప దాటించి, పోయే దిక్కున ఉన్న వేరొకరి ఇంట్లో ఉంచి వస్తారు. మూట పోయిందంటే మనిషి బయల్దేరినట్టే. వారం లోపల ఆ మూట తీసుకొని అటునుంచి అటే సాగిపోవాలి. దాన్ని మళ్ళీ ఇంట్లోకి తేవడం మహా అశుభం. మా అత్తకు ఇలాంటి విషయాల్లో పట్టింపు ఎక్కువ.

బళ్ళారికి దగ్గరి మోక ఊళ్ళో మా అంగడికి పత్తి వేసే రైతు కుటుంబం ఒకటి ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని వరీ పత్తీ పండిస్తున్నారు. మా దోవ అటే కాబట్టి మూట వాళ్ళింట్లో పెడదామన్నాడు మామ. "వాడి పంచె ఒకటి మూటగట్టమ్మా" అని నాకే పురమాయించాడు. పంచె మడత పెట్టాను. దాని మీద నా ఆకుపచ్చ నేతచీర మడిచి పెట్టాను. బియ్యం పోసి ముడేశాను. ముహూర్తానికి ఆ మూట గుండెలకు హత్తుకొని కుడికాలు గడప బయట పెట్టాను. ఇక నన్నెవరు ఆపుతారో చూస్తా అనుకున్నాను.

పాత టైర్లతోనే నలుగురం జీపులో మోక పోయాం. ఆ ఇంటి ఇల్లాలు ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చింది. నేపాళం అని వినగానే, "మేమూ అంతేనండీ, లారీలో పొయ్యి, రోలు, గేదెతో సహా ఎక్కించుకుని వచ్చేశాం. మా ఆయన ముందు తనొక్కడే వెళ్తానన్నాడు. నేనెందుకూరుకుంటాను?" అంది. ఆమెను కావలించుకోవాలనిపించింది. దేవుడి గూటి కింద పీట వేసింది. మూటలో ఆకూ వక్కా పెట్టడానికి అత్త ముడి విప్పింది.

ఆకుపచ్చ చీర బయటపడింది.

మామ మొహం ఎర్రబడింది. "ఇదేంది? ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెడితి మామా. నేనూ పోతాండా."

"తియ్యి దాన్ని. ఇంటికి తీసకపోదాం. ఈ సంగతి తర్వాత చూద్దాం."

ఆయన చెయ్యి చాచాడు. అత్త ఆ చేతికి అడ్డంగా మూట మీద తన చెయ్యి పెట్టింది.  ఆమె ఆయనకు ఎదురు మాట్లాడటం నేను గానీ మా ఆయన గానీ అప్పటిదాకా వినలేదు.

"ముహూర్తానికి గడప దాటిన మూట మళ్ళ నా ఇంట్లోకి రాదు" అంది. "ఒగసారి వచ్చింది, సాలు."

"ఎప్పుడొచ్చింది?"

"మీరే తెస్తిరి. పెండ్లైన కొత్తల్లో మా యమ్మా నాయనతో కాశీకి పోదామని ఎదురింట్లో నా మూట పెట్టింటి. అంగట్లో పత్తి దిగే కాలం, వంటకు మనిషి లేదని మీరే పోయి తెస్తిరి. తర్వాత చూద్దామంటిరి. నేను నోరెత్తక సుమ్నే ఉంటి." ఆమె అక్కడితో ఆగలేదు. "ప్రతి ఊర్లో మీకు అంగడి ఉండాది. నాకు ఆ వంటిల్లు తప్ప ఏ ఊరుండాది? పిల్ల పోతాది. పోనీండి."

 మామ చాచిన చెయ్యి వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు, అత్త అన్నలాంటి మాట అంతకుముందు ఎవరూ ఆయనతో అనలేదు, అంతే. నాకు సంతోషంతో కేక పెట్టాలనిపించింది, ఆమెను చూస్తే దుఃఖం ముంచుకొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా నోరు ఊరుకుంటుందా!

"అత్తా, కాశీ మా దోవలోనే గదా. జీపులో ఎనక సీటు ఉండాది. నువ్వూ రా."

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత మూటను చూసింది. "నా చీర యాడుండాది ఈడ? కట్టుకున్నదొక్కటే" అంది. పోనంది కాదు, చీర లేదంది!

"యెనక్కి ఎట్లొస్తావు?" అన్నాడు మామ మెల్లగా.

"కాశీలో మీకు సత్రముండాది గదా. రైలెక్కి వచ్చి పిల్చకపోండి."

మా ఆయన కిసుక్కున నవ్వి, తండ్రి వైపు చూసి దగ్గుగా మార్చాడు. అత్త నడుం దగ్గర దోపుకున్న ఆకువక్కల సంచి లాగింది. అరిగి రంగు వెలిసిన గుడ్డసంచి అది. నిద్రలో తప్ప ఆమె ఒంటిని వదలని వస్తువు అదొక్కటే. దాన్ని నా చీర మీద పెట్టింది. మామ ఆ సంచిని చూస్తూ కూర్చున్నాడు.  చివరికి ఆయనే ముందుకు వంగి, మూట నాలుగు కొసలూ దగ్గరికి లాగి, బేలుకు కట్టినట్టు గట్టిగా ముడేశాడు.

 తిరుగుదారిలో కప్పగల్లు ఊరు దాటాక ఎండ ఎక్కింది. అత్త అలవాటుగా నడుం దగ్గర తడుముకుంది. ఒకసారి, మళ్ళీ ఇంకోసారి తడుముకుంది. మా ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం పోగొట్టుకుంటివమ్మా?"

"ఏం పోలేదు లేప్పా" అంది. "నా సంచి కాశీకి బయల్దేరింది."

మామ తన ఆకువక్కల డబ్బీ తీసి అందించాడు. ఆమె వద్దని తల ఊపి, ఇల్లు చేరేదాకా ఉత్త నోటితోనే కూర్చుంది.