పెద్దబాపును మంచం దించిన మూడుసార్లు

బాధపడే రోగిని డాక్టరు సూది వేసి పైకి పంపించవచ్చా, కూడదా అని మా బెల్లంపల్లి గ్రంథాలయంలో పెద్దమనుషులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనలో ఇంతవరకు ఒక్క రోగి మాట్లాడలేదు. అందుకే మా నాయనకు అన్న అయిన పెద్దబాపు సంగతి రాసిపెడుతున్నాను.

బొగ్గుబాయి పని మానేసిన కొన్నాళ్లకు ఆయన కడుపులో గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో లాభం లేదన్నారు. ఇంటికి తెచ్చాక నన్ను పిలిచి, "డాక్టరుకు చెప్పు కొడుకా, ఒక్క సూదేసి నన్ను తోలియ్యమను. తట్టుకుంట లేను" అన్నాడు.

అప్పటికే నేను గ్రంథాలయంలో వైద్యం బీరువా మొత్తం, తత్వం బీరువా సగం చదివినవాణ్ణి. అంత పెద్ద ప్రశ్నను నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోతానా? చదువుకున్నవాళ్ల ముందు పెట్టాను. మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. ప్రాణం ఎవరి సొత్తు అనేది తేలకముందే తలుపులు మూసే వేళయింది.

ఇంట్లో వాదనే లేదు. "సూదేసి సంపుతరా? పాపం తలుగుతది" అని పెద్దబాపు బావమరిది, అంటే పెద్దవ్వ తమ్ముడు, తేల్చేశాడు. మా దిక్కు మంచం మీద ప్రాణం పోకూడదు. అందుకని పెద్దబాపుకు ఎక్కిళ్లు వస్తే చాలు, నలుగురు పట్టి చల్లని నేల మీద దించి, నోట్లో తులసినీళ్లు పోసేవారు. పొలమారి ఆయన కళ్లు తెరిచేవాడు. మళ్లీ మంచం ఎక్కించేవారు. అట్లా మూడుసార్లు. ఎత్తినప్పుడల్లా ఆయన పెట్టిన కేక వాడకట్టంతా విన్నది. దాన్ని మాత్రం ఎవరూ పాపం అనలేదు.

మూడోసారి పెద్దవ్వ నామీద పడింది. "నీ సదువు సల్లగుండ, డాక్టరు తాన పోయినవా లేదా?"

పోయాను. డాక్టరు అంతా విన్నాడు. "చంపడానికి ఇవ్వను. నొప్పి తగ్గడానికి ఇస్తాను. ఇన్నాళ్లు నన్ను ఎందుకు పిలవలేదు?" అన్నాడు. రెండు పక్షాల వాదనలూ నాకు కంఠతా వచ్చు. అయినా ఆయన మందుల సంచి ఎత్తుకుని ముందు నడిచాను.

డాక్టరు ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడి, "ఈ మందుతో ఊపిరి కాస్త మందగించవచ్చు. ముందే చెబుతున్నాను" అన్నాడు.

"మరి గదీ సంపుడే గద సారు?" అన్నాడు పెద్దవ్వ తమ్ముడు.

అందరూ నావైపు చూశారు. "ఈ విషయంలో రెండు అభిప్రాయాలు..." అని మొదలుపెట్టాను.

"నువ్వు జర ఆగు కొడుకా" అన్నాడు పెద్దబాపు. బావమరిది వైపు తిరిగి, "గడ్డ నీ కడుపుల ఉన్నదార?" అని, డాక్టరుకు చెయ్యి చాపాడు. "ఎయ్యుండ్రి సారు. ఇంకోటి, నన్ను మంచం దించద్దని వీళ్లకు చెప్పుండ్రి. మీ మాటయితె ఇంటరు."

ఆ తర్వాత నాలుగు రోజులున్నాడు. ఒకరోజు జొన్న గటక అడిగి రెండు ముద్దలు తిన్నాడు. నాలుగో పొద్దున ఊపిరి మారింది. పెద్దవ్వ తమ్ముడు లేచి మంచంకోడు పట్టుకున్నాడు. పెద్దవ్వ పోయి భర్త కాళ్ల దగ్గర మంచం మీదే కూర్చుంది. "గాయినను దించేదుంటె, ముందు నన్ను దించుండ్రి."

ఎవరూ దించలేదు.

పేర్లు రాస్తే వాళ్లు ఒప్పుకోరు. ఉన్నది ఉన్నట్టు చెప్పి సూది వేసిన డాక్టరుకు, మంచం దిగని పెద్దవ్వకు, అంత నొప్పిలోనూ నన్ను ఆగమన్న పెద్దబాపుకు నేను రుణపడి ఉన్నాను. చివరికి కోడు వదిలి, గోడకు ఆనుకొని ఏడ్చిన ఆ తమ్ముడికి కూడా.