చిలకపచ్చ పన్ను

ఫర్నేసు చల్లారేటప్పుడు లోపలినుంచి టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు వస్తుంది. అది ఇనుము వేడి దిగే చప్పుడే తప్ప బొమ్మ పగిలిన చప్పుడు కాదని నాకు తెలుసు. అయినా పుంగనూరులో మా ఇంటి వెనకగదిలో దాని ముందు పీట వేసుకుని కూర్చున్న ప్రతిసారీ అరచేతులు చెమర్చి, చీరకు తుడుచుకుంటూ ఉంటాను. బొటనవేలంత పింగాణీ బొమ్మలు చేయడం నాకు ఎవరూ నేర్పలేదు. వంద పగలగొట్టి నూటొకటోది చేసుకున్నాను. కానీ ఆ ఫర్నేసు తలుపు తీసేముందు ఏం చేయాలో నేర్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన బొమ్మలు చేసేవాడు కాదు, కట్టుడుపళ్ళు చేసేవాడు.

ఆయన మునెప్ప సారు. మదనపల్లెలో ఒక మందులషాపు మేడమీద రెండు గదుల ల్యాబు ఆయనది. పంటి డాక్టర్లు అచ్చులు పంపితే, లోహపు తొడుగు మీద పింగాణీ పొడి తడిపి అద్ది, ఫర్నేసులో కాల్చి పన్ను చేసిచ్చేవాడు. తొంభైల నడుమ ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. పుంగనూరునుంచి రోజూ బస్సులో వెళ్ళి అచ్చులు పోయడం, కుంచెలు కడగడం నా పని. మిగతా పళ్ళతో కలిసేలా రంగు చూసే పని మాత్రం ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మనిషిని కిటికీ దగ్గర నిలబెట్టి, రంగుచొక్కా వేసుకొచ్చినవాళ్ళకు మెడ చుట్టూ తెల్లతువ్వాలు కప్పి, నమూనాపళ్ళు ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసేవాడు. ట్యూబులైటు కింద చచ్చినా చూడడు. "తెలుపులో ఎన్ని తెలుపులుండాయో నీకు తెలీదమ్మా," అనేవాడు. "చేతులు అందురికీ ఉండాయి. నాకుండేది ఈ కండ్లే."

బొమ్మల పిచ్చి నాకు పింగాణీ పొడి తడిపే గాజుపలక దగ్గరే పట్టుకుంది. పని అయ్యాక పలకమీద చిటికెడు తడిపొడి మిగిలేది, కడిగి పారేయాలి. ఒకరోజు దాన్ని కుంచెతో కూడగట్టి తల చేశాను. దసరాకు మా వీధిలో పెట్టే బొమ్మలకొలువులో మట్టిబొమ్మలు చూస్తూ పెరిగినదాన్ని, ఊరుకోలేకపోయాను. సారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు పళ్ళ పక్కనే నా బొమ్మనూ దొంగతనంగా ఫర్నేసులోకి తోసేదాన్ని. బొమ్మలు కాలి కుంచించుకుపోయేవి, చేతులు ఊడేవి, ముఖాలు బొబ్బలెక్కేవి. దేనికి ఎంత తడి కావాలో, ఎంతసేపు ఆరనివ్వాలో అలా తెలిసింది. మెట్లమీద చెప్పుల చప్పుడైతే చాలు నా పైప్రాణాలు పైనే పోయేవి. అయినా మానలేదు. చివరికి బొమ్మ నిలబడింది, కానీ తెల్లగా, అచ్చం పన్నులాగే ఉంది. దానికి చీర కట్టాలనిపించింది. పగిలిన చిలకపచ్చ గాజులు మెత్తగా నూరి, ఆ పొడి అద్దాను.

ఆ రోజే కుప్పం గోవిందప్ప వచ్చాడు. నాదస్వరం ఊదే మనిషి, మోపెడ్ మీదినుంచి పడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు అచ్చు తీసి, రంగు చూపించుకోమని మా దగ్గరికి పంపాడు. మరునాడు ఉదయమే కుప్పంలో ముహూర్తం.

"గాలి నిలబడల్యా సార్," అన్నాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "తాళి కట్టేటప్పుడు నా ఊదుడు తప్పితే ఇంగ నన్నెవురు పిలుస్తారు?"

సారు పొద్దుననగా కూర్చుని పన్ను అద్ది, కాల్చమని నాకప్పగించి భోజనానికి వెళ్ళాడు. గోవిందప్ప కింద షాపు బెంచీమీద కూర్చున్నాడు. నేను పన్ను పక్కన నా పచ్చచీర బొమ్మను పెట్టాను.

తలుపు తీసేసరికి బొమ్మ బాగుంది. పన్ను మాత్రం లేత పచ్చగా ఉంది. గాజులోని రంగు ఆవిరై పక్కదాన్ని పట్టుకుంటుందని నాకేం తెలుసు? బొమ్మను టిఫిన్‌డబ్బాలో దాచేశాను.

సారు వచ్చి పన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "లోపల ఇంకేమన్నా పెట్టింటివా అమ్మా?"

"లేదు సార్."

ఆయన పింగాణీ గీకేసి, కొత్తపొడి సీసా తెరిచి మళ్ళీ అద్ది కాల్చాడు. ఫర్నేసు గోడలకు పట్టిన రంగు ఎక్కడికి పోతుంది? మళ్ళీ పచ్చే. ఈసారి నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. "నీకు కూడా పచ్చగా కనిపిస్తాండాదా?"

అవునంటే వెతుకుతాడు, వెతికితే దొరికిపోతాను. "లేదు సార్. తెల్లగానే ఉండాది," అన్నాను.

ఆయన నమూనాపళ్ళన్నీ బల్లమీద పరుచుకుని, ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూశాడు. మెల్లగా స్టూలుమీద కూలబడ్డాడు. "పిలువమ్మా గోవిందప్పను. యాడికన్నా పొమ్మని చెప్తా. నేనింగ ఈ పని సేయకూడదు."

అప్పటిదాకా నాకున్నది ఉద్యోగం పోతుందన్న భయమే. ఆ మాటతో అంతకంటే పెద్ద భయం వచ్చింది. ఈ మనిషి కళ్ళు నేనే పొడిచేశాను. టిఫిన్‌డబ్బా తెచ్చి ఆయన ముందు తెరిచాను. "పన్ను పచ్చగానే ఉండాది సార్. అబద్ధం చెప్తిని."

తిడతాడనుకున్నాను. ఆయన బొమ్మను కాదు, దాని చీరను చాలాసేపు చూశాడు. "అట్లయితే నా కండ్లు బాగానే ఉండాయి," అన్నాడు. నేను ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన తిట్టే తీరికలో లేడు. ఖాళీ ఫర్నేసును వేడెక్కించి, వేడి దించి, మళ్ళీ ఎక్కించి, రంగంతా పోగొట్టాడు. సాయంత్రం బస్సు వేళకు తెల్లటి పన్ను సిద్ధమైంది. "ఫర్నేసులో మలినం పడింది అప్పా, తప్పు మాదే," అని గోవిందప్పతో చెప్పాడు. నా పేరెత్తలేదు. మరునాడు నేను భయపడుతూనే మెట్లెక్కితే, నా బల్లమీద ఒక నోటుపుస్తకం ఉంది.

"లోపల ఏం పెడతావో ముందు దీంట్లో రాయి, ఆమీద స్విచ్చేయి. బొమ్మ పెట్టినా రాయి. పాత ఫర్నేసు మూలన పడుండాది, బొమ్మలకు అది వాడుకో," అన్నాడు. బొమ్మవైపు వేలు చూపించి, "సూడు, ఆ బొమ్మకు ముక్కు యాడుందమ్మా?" అన్నాడు. ఆయన నా బొమ్మల గురించి అన్న మొదటి మాట అది. ల్యాబులో ఉన్నన్నాళ్ళూ ఆయన మెచ్చుకోలు ఆ మాట దాటలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు సారు ల్యాబు మూసేశాడు. ఆ పాత ఫర్నేసును ఆటోలో నా ఇంటికి పంపించాడు. షుగరు కళ్ళలోకి దిగి ఈసారి నిజంగానే చూపు మందగించింది. ఒకసారి కర్ర పట్టుకుని ఒక్కడే బస్సులో పుంగనూరు వచ్చాడు. కొత్త బొమ్మ చేతికిస్తే ముక్కుకు ఆనించుకునేంత దగ్గరగా పెట్టుకున్నాడు. వేలికొసతో తడిమి, "ముక్కు కుదిరిందిలే," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి అడిగాడు.

"చీర ఏం రంగమ్మా?"

"చిలకపచ్చ సార్."

"నాకు బూడిద మాదిరి కనిపిస్తాండాది." బొమ్మను జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్తాండావు కదా. పచ్చే."

ఆయన పోయి చాలాకాలమైంది. ఒకసారి పచ్చను తెలుపన్న నా మాటనే ఆయన నమ్మాడని తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఫర్నేసు చప్పుడు ఆగింది. పుస్తకం తెరిచి, లోపల పెట్టినవి పెట్టినట్టు రాశానో లేదో మరోసారి చదువుకుని, తలుపు తీస్తాను.