తువ్వాలు చేతికొచ్చినప్పుడు

గంటక్కని మీరు ఒక్కసారైనా కలవాల్సిందే. పెద్దగా వెతకక్కర్లేదు. పెద్దాసుపత్రి వెనక గేటు దగ్గర, లాండ్రీ పొగగొట్టం కింద నిలబడితే చాలు. మీరు ఆమెని చూసే లోపే ఆమె గొంతు మిమ్మల్ని పట్టుకుంటుంది. ఆ గొంతు వల్లే ఆ పేరు. ఉతికే మెషిన్లన్నీ ఒకేసారి తిరుగుతున్నా, ఈ చివర ఆమె అన్న మాట ఆ చివర దుప్పట్లు మడిచేవాళ్ళకి వినపడుతుంది. లాండ్రీ ఆడవాళ్ళు యూనియన్ పెట్టుకున్నప్పుడు చదువు చూసి కాదు, గొంతు చూసే ఆమెని ముందు నిలబెట్టారు. "మైకు అద్దెకి తెచ్చే పని తప్పింది" అని ఇస్త్రీ మామ ఇప్పటికీ అంటుంటాడు.

ఆ గొంతే కొంప ముంచింది.

గంటక్క వాళ్ళది ఒకే ఇంటికి రెండు వాటాలు. ఇటు ఆమె, అటు ఆమె తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ లారీల మీద తిరిగేవాళ్ళు కాబట్టి ఇంట్లో మగదిక్కు పేరుకే. రెండు వంటిళ్ళకీ మధ్య ఒకే గోడ. ఆ గోడలో ఒక ఇటుక ఊడిపోతే, ఎవరూ పూడ్చలేదు. అగ్గిపెట్టె కావాలన్నా, పోపులోకి ఆవాలు కావాలన్నా, ఎవరిమీదైనా అక్కసు వెళ్ళగక్కాలన్నా ఆ ఇటుక పక్కకి జరిగేది.

చిక్కంతా ఎక్కడంటే, తోడికోడలు అదే లాండ్రీలో సూపర్‌వైజర్. మేనేజర్ మనిషి. యూనియన్‌లో ఆమెకి చోటు లేదు. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూలా ఉండాలని లోకం ఎలాగూ అనుకుంటుంది కదా, లోకాన్ని నిరాశపరచడమెందుకని ఇద్దరూ పనిలో అలాగే ఉండేవాళ్ళు.

"సూపర్‌వైజరమ్మ గారికి కుర్చీలో చెమట పడుతోంది పాపం, ఎవరైనా వెళ్ళి విసరండే" అని ఈమె మెషిన్ల మీదుగా అరిచేది.

"నాయకురాలు గారికి నోరు నొప్పెడితే ఆసుపత్రి ఎదురుగానే ఉంది, చూపించుకోమనండి" అని ఆమె అక్కడినుంచి అనేది.

సాయంత్రం ఇటుక జరిగేది. "విసరమన్న మాట బాగుందక్కా. నవ్వాపుకోలేక చచ్చాను. మేనేజర్ పక్కనే ఉన్నాడు, దగ్గొచ్చినట్టు నటించాల్సొచ్చింది."

ఇక అసలు గొడవ డ్రమ్ముల గురించి. ఆపరేషన్ గదుల నుంచి వచ్చే దుప్పట్ల మీద రక్తం మరకలు పోవడానికి మేనేజర్ ఒక మందు తెప్పించాడు. నీలం డ్రమ్ముల్లో వచ్చేది, పైన పేరూ ఊరూ ఉండేది కాదు. మరక పోయేది, దాంతోపాటు చేతుల మీద తోలూ పోయేది. ఆడవాళ్ళు అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాళ్ళు. ఒకామె చంటిబిడ్డని ఎత్తుకుంటే ఆ చేతుల గరుకుకి బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చేది. యూనియన్ ఎన్నిసార్లు ఫిర్యాదు పెట్టినా అంతే. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి డ్రమ్ములు మాయం, ఆయన వెళ్ళగానే ప్రత్యక్షం.

ఆ చేతులన్నీ గంటక్క గుమ్మం ముందుకే వచ్చేవి. ఒకరి గోడు వినేలోపు ఇంకొకరు. తినే తిండి మానేసింది, నిద్ర మానేసింది. చివరికి ఒకరోజు గేటు ముందు మాట్లాడటానికి నిలబడి నోరు తెరిస్తే గొంతు రాలేదు. అంత గొంతూ ఎటు పోయిందో, గాలి మాత్రమే వచ్చింది. చూసినవాళ్ళకి ఏడుపొచ్చింది, మేనేజర్‌కి ఆవలింత వచ్చింది.

యూనియన్ల సమాఖ్య వాళ్ళు ఆమెని ఒక శిక్షణకి పంపారు. జనం కోసం పోరాడేవాళ్ళు తమ మనసుని ఎలా కాపాడుకోవాలో నేర్పే శిక్షణ. నేర్పేది ఒక మెత్తటి గొంతు పంతులమ్మ. "మీరు రోజంతా అన్యాయాన్నే చూస్తారు. సాయం చేసినవాళ్ళని చూడటం మర్చిపోతారు. కృతజ్ఞత చెప్పండి. అయితే అందరికీ థాంక్స్ అని గాలికి చెప్పొద్దు. ఎవరికి, ఏం చేసినందుకు, విడమరిచి, నలుగురి ముందూ చెప్పండి. గుండె బరువు దిగుతుంది."

"మా దగ్గర గుండె బరువు దిగాలంటే ముందు డ్రమ్ములు దిగాలమ్మా" అంది గంటక్క, మిగిలిన కాస్త గొంతుతో. అందరూ నవ్వారు.

కానీ తిరిగొచ్చి మొదలుపెట్టింది. యూనియన్ రేకుల షెడ్డులో మీటింగ్‌కి ముందు, ఇస్త్రీ బల్ల మీంచి అప్పుడే తీసిన వెచ్చటి తువ్వాలు ఒకటి చేతులు మారేది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒకరికి థాంక్స్ చెప్పాలి. మనిషినీ చెప్పాలి, చేసిన పనినీ చెప్పాలి. మొదట్లో సిగ్గుపడ్డారు. ఇస్త్రీ మామ మొదలుపెట్టాడు. "మెషిన్ మెకానిక్‌కి థాంక్స్. పిలిచినప్పుడు ఏనాడూ రాలేదు కాబట్టి మెషిన్ ఆగిన నాలుగుసార్లూ కూర్చోగలిగాం." తర్వాత ఒకామె పక్కింటి ముసలమ్మకి చెప్పింది, ఇంకొకామె మొగుడికి చెప్పబోయి, ఎంత ఆలోచించినా ఏం చేశాడో గుర్తురాక తువ్వాలు పక్కకి ఇచ్చేసింది. నవ్వులే నవ్వులు. మందు తినేసిన చేతులకి ఆ వెచ్చదనం కూడా హాయిగా ఉండేది. గంటక్కకి నిద్ర పట్టడం మొదలైంది. గొంతు తిరిగొచ్చింది. పంతులమ్మ చెప్పింది అబద్ధం కాదు, ఈ కథలో అదే పెద్ద బాధ.

ఒక సాయంత్రం ఇటుక జరిగింది.

"అక్కా, రేపు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. డ్రమ్ములు పాత బాయిలర్ గదిలో పెట్టించారు. తలుపుకి అడ్డంగా విరిగిన మంచాలు పేర్చారు. నేను చెప్పానని నీ నీడకి కూడా తెలియకూడదు."

"నా నీడకి నోరెక్కడుందే."

"నీకుందిగా. అదే నా భయం."

మర్నాడు గంటక్క ఇన్‌స్పెక్టర్‌ని లాండ్రీలోకి కాదు, నేరుగా బాయిలర్ గదికి తీసుకెళ్ళింది. తనే మంచాలు లాగి పడేసింది. మేనేజర్ మొహం ఉతికిన దుప్పటిలా తెల్లబడింది. ఆ మందు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. డ్రమ్ములు వెళ్ళిపోయాయి, మోచేతుల దాకా వచ్చే గ్లవుజులు వచ్చాయి.

ఆ వారం మీటింగ్‌కి షెడ్డు పట్టలేదు. తువ్వాలు చేతులు మారుతోంది. అందరూ గంటక్కకే చెబుతున్నారు. ఒకామె తన చేతులు చాపి, "అన్నం కలుపుకున్నానక్కా" అని మాత్రం అని కూర్చుంది. తువ్వాలు గంటక్క చేతికొచ్చింది. ఇంకా వెచ్చగానే ఉంది. తనది కాని మెప్పు తన ఒళ్ళో పోస్తున్నారు, గోడకి అటుపక్క మనిషికి ఒక్క మాట దక్కలేదు. ఆమె గుండె నిండిపోయింది. ఇక్కడంతా మనవాళ్ళే అనుకుంది. మనిషిని చెప్పాలి, పనిని చెప్పాలి.

"నా తోడికోడలికి" అంది గంటక్క, ఆ గొంతుతో. "డ్రమ్ములు ఎక్కడున్నాయో నాకు చెప్పినందుకు."

షెడ్డంతా చప్పట్లు. కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నాళ్ళూ ఆ మనిషిని తిట్టుకున్నందుకు లెంపలేసుకున్నారు.

అందులో ఎవరూ చాడీలు చెప్పలేదు. అలా చెప్పి ఉంటే ఒక్కరినైనా తిట్టుకోవచ్చు. అందరూ ప్రేమతోనే చెప్పారు. ఒకరు టీ కొట్టు దగ్గర గొప్పగా చెప్పారు, ఇంకొకరు వార్డు ఆయాకి చెప్పారు. ఇస్త్రీ మామ అయితే పొద్దున్నే సూపర్‌వైజర్ ఎదురుపడగానే చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మేనేజర్ అద్దాల గదిలోంచి చూస్తూనే ఉన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆయన అరవలేదు. షిఫ్టు మారే వేళ మెషిన్లన్నీ ఆపించి అందరినీ నిలబెట్టాడు. వెచ్చటి తువ్వాలు ఒకటి తెప్పించి, మడత చెదరకుండా సూపర్‌వైజర్ చేతుల్లో పెట్టాడు.

"మీ అక్కగారు థాంక్స్ చెప్పారట. మేం చెప్పకపోతే బాగుండదు. ఇన్నాళ్ళు పని చేసినందుకు థాంక్సమ్మా. మనిషినీ చెప్పాను, పనినీ చెప్పాను. సరిగ్గా చెప్పానా?"

ఆమె తువ్వాలు పట్టుకుని గేటు దాకా నడిచింది. గంటక్క పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి విడిపించుకోలేదు. తువ్వాలు గంటక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజు మేనేజర్ గంటక్కని పిలిచి కుర్చీ వేయించాడు.

"మీ తోడికోడలు మళ్ళీ తన కుర్చీలో కూర్చోవచ్చు. నాకు ఆమె మీద కోపం లేదు. మీరొక పని చేయాలి. వచ్చే మీటింగ్‌లో, అదే తువ్వాలు పట్టుకుని, అదే గొంతుతో, నాకెవరూ చెప్పలేదు, ఆసుపత్రిని ఇరికించడానికి డ్రమ్ములు మేమే అక్కడ దాచాం అనండి. షెడ్డు కిటికీ దగ్గర నిలబడి నేనూ ఇన్‌స్పెక్టరూ వింటాం."

"అప్పుడు ఆ మందు?"

"తిరిగొస్తుంది. మరకలు పోవాలి కదా."

పోకచెక్క అడకత్తెరలో పడింది. ఇటు చూస్తే లాండ్రీ ఆడవాళ్ళందరి చేతులు. అటు చూస్తే తననే నమ్మిన ఒక్క మనిషి బతుకు. గుట్టు బయటపెట్టిందని తీసేసిన సూపర్‌వైజర్‌ని ఆ చుట్టుపక్కల ఏ లాండ్రీ వాళ్ళూ రానివ్వరు.

ఆ సాయంత్రం గంటక్క తనే ఇటుక జరిపింది. అవతల వంటిల్లు చీకటిగా ఉంది కానీ మనిషి ఉన్నట్టు గాజుల చప్పుడు తెలుస్తోంది. మేనేజర్ అన్నదంతా చెప్పింది.

"నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తానే."

చీకట్లోంచి జవాబొచ్చింది. "నన్ను అడక్కక్కా. అడిగావంటే, వద్దు, వాళ్ళ చేతులే ముఖ్యం అంటాను. ఇంకేమంటాను? అప్పుడు నీకు హాయిగా నిద్రపడుతుంది. రేపు తువ్వాలు పట్టుకుని దానికీ నాకు థాంక్స్ చెబుతావు. ఆ నిద్ర నీకు నేనివ్వను."

"నేను కావాలని అనలేదే."

"తెలుసు. కావాలని అన్నా బాగుండేది. తిట్టుకుని బతికేదాన్ని."

ఇటుక అవతలి వైపు నుంచి జరిగి మూసుకుంది.

మీటింగ్ రోజు రానే వచ్చింది. కిటికీ బయట రెండు నీడలు. తువ్వాలు చేతులు మారి గంటక్క దగ్గరికి వచ్చింది. ఆమె ఎదురుగా ఉన్న చేతుల వంక చూసింది. కొన్నింటి మీద కొత్త తోలు గులాబి రంగులో మెరుస్తోంది. నోరు తెరిచింది. మేనేజర్ బేరం ఏమిటో అప్పటికే అందరికీ తెలుసు. వద్దక్కా అని ఒక్కరూ అనలేదు. చెప్పక్కా అని కూడా అనలేదు. తమ చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పుకున్నారు.

ఆమె తువ్వాలు పక్కామెకి ఇచ్చేసింది. అప్పటికి అది చల్లారిపోయింది.

మందు తిరిగి రాలేదు, చేతులు మిగిలాయి. తోడికోడలు ఇప్పుడు ఊరవతల హోటల్‌లో గిన్నెలు తోముతోంది. అక్కడ గిన్నెల జిడ్డుకి వాడేది ఏం మందో తెలీదు, కానీ ఆమె అన్నం చెంచాతో తింటోందని వాళ్ళ పిల్లలు చెప్పారు. గోడలో ఇటుక చుట్టూ సిమెంటు పడింది. ఆ సిమెంటు తాపీ మేస్త్రీ పెట్టింది కాదు, చేత్తో అదిమింది. వేళ్ళతో నొక్కిన నొక్కుకి ఇటువైపు దాకా పొంగుకొచ్చింది.

తువ్వాలు మాత్రం ఆగలేదు. మొన్న పంతులమ్మ వేరే యూనియన్ల నాయకురాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. "చూడండి, పోరాడుతూనే మనసుని ఎలా కాపాడుకోవాలో ఈ అక్క దగ్గర నేర్చుకోండి" అంది. గంటక్క తువ్వాలు అందుకుని, ఆ రోజు ఎండ బాగా కాసినందుకు సూర్యుడికి థాంక్స్ చెప్పింది. అంతకుముందు వారం పైన తిరిగే ఫ్యాన్‌కి చెప్పింది, దానికి ముందు వానకి. ఎప్పుడూ ఇంతేనా అని పంతులమ్మ నవ్వుతూ అడిగితే, "వీళ్ళనైతే ఎవరూ పనిలోంచి తీసెయ్యలేరమ్మా" అంది గంటక్క. వచ్చినవాళ్ళు దాన్ని జోకు అనుకుని నవ్వారు. యూనియన్ ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు.

ఆమె మళ్ళీ నిద్రపోవడం మానేసింది. గొంతు మాత్రం అలాగే ఉంది. లాండ్రీకి ఆ గొంతే కావాలి కాబట్టి మిగతాది ఎవరూ అడగరు.

మీరు వెళ్ళి కలవండి. తువ్వాలు మీ చేతికి కూడా ఇస్తారు, వచ్చినవాళ్ళందరికీ ఇస్తారు. అది చేతిలో పడ్డాక, వెచ్చగా ఉండగానే ఒక్కసారి ఆలోచించండి. ఒక పక్క అన్ని చేతులు, ఇంకో పక్క గోడ అవతల ఒక్క మనిషి, కిటికీ బయట రెండు నీడలు. ఆ రోజు మీరైతే నోరు తెరిచి ఏమనేవారు?