ఆవకాయ షెడ్డులో నేను కుదిర్చిన సంధి

పొద్దున్న ఏడుంబావుకి మా అత్తయ్య రిక్షా షెడ్డు గేటు ముందు ఆగేది. రిక్షా ఆగేది గానీ, ఆవిడ దిగేది కాదు. వక్కపలుకు నోట్లో వేసుకుని, బందరు రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ కూర్చునేది. లోపల ఇద్దరు ఆడవాళ్లు రేకుల కప్పు లేచిపోయేలా పోట్లాడుకుంటూ ఉండేవారు. కేకలు సద్దుమణిగాక దిగి, కొంగు సర్దుకుని, ఏమీ విననట్టు లోపలికి వచ్చేది.

యజమానురాలై ఉండి ఈ పిరికితనం ఏమిటని నేను అనుకునేవాణ్ణి. అలా అనుకోవడం వల్ల ఏమైందో చెబుతాను. మరీ పెద్ద ప్రళయమేమీ కాదు. నిక్షేపంలా ఉన్న ఒక పచ్చళ్ల షెడ్డుని చదువుకున్నవాడు ఎంత త్వరగా మూతదాకా తేగలడో లోకానికి తెలిసింది, అంతే.

అవి డెబ్బైల నాటి రోజులు. బెంజ్ సర్కిల్ దాటితే అప్పటికింకా పొలాలే. మావయ్య పోయాక అత్తయ్య ఆ పొలాల పక్కన షెడ్డు వేసి పచ్చళ్ల వ్యాపారం నిలబెట్టింది. అందులో ముఖ్యం ఆవకాయ. ఆవకాయకి ముఖ్యం శాంతమ్మ, వెంకాయమ్మ. శాంతమ్మ కాయ కొట్టేది. వెంకాయమ్మ కలిపేది. ఆదివారం చర్చిలో శాంతమ్మ పాట అందుకుంటే మైకు కట్టేసేవారట. వెంకాయమ్మ ఉయ్యూరు వైపు రైతుబిడ్డ, పొలానికి అవతలి గట్టు మీదున్న మనిషిని పిలిచీ పిలిచీ తయారైన గొంతు. శాంతమ్మ కొట్టిన ముక్కల బుట్ట వెంకాయమ్మ ముందుకు రాగానే మొదలయ్యేది.

"ఏమే శాంతీ, ఇవి ముక్కలా, ఇటికరాళ్లా?"

"నీ చూపు మందగిస్తే ముక్కలేం చేస్తాయే!"

"జీడి తీసి పొర వదిలేశావు. నీ తొందర తగలెయ్య, తియ్యి ముందు!"

"తీస్తాలే. నువ్వా ఉప్పుచెయ్యి కాస్త అదుపులో పెట్టుకో. నిరుడు నీ ఆవకాయ తిని బందరు సముద్రం సిగ్గుపడింది!"

ఇలా సాగేది. నేను హైదరాబాదులో సిబ్బంది నిర్వహణలో డిప్లొమా చేసి అప్పుడే దిగాను. కార్మిక వివాదాల పరిష్కారం అందులో ఒక పాఠం. దాన్లో నాకు మొదటి మార్కు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిప్లొమావాడికి పొద్దే కాదు, గుమ్మం కూడా తెలియదు.

ఆ వేసవిలో అత్తయ్యకి కంటి శుక్లాల ఆపరేషను పడింది. ఆవకాయ రోజుల్లో వద్దంటే డాక్టరు వినలేదు. వెళ్లేముందు నన్ను పిలిచింది.

"ఒరేయ్, పచ్చడి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. నేను తిరిగొచ్చేసరికి ఆ ఇద్దరూ ఇక్కడ ఉండాలి. ఒకళ్లు వెళ్లిపోతే రెండోవాళ్లు నిలవరు. వాళ్లిద్దరూ లేకపోతే ఈ షెడ్డు లేదు."

"నువ్వేం కంగారుపడకు అత్తయ్యా. నేను చదువుకున్నది దీనికోసమే."

"అదేరా నా కంగారు."

మర్నాడే సమావేశం పెట్టాను. మూడు కుర్చీలు వేయించాను. ఎవరి వంతు వస్తే వారికి గంట కొట్టాలని మా మాస్టారు చెప్పారు. గంట కోసం అత్తయ్య దేవుడి గదిలోకి వెళ్లాను. నా చేతిలో పూజగంట చూసి శాంతమ్మ కుర్చీలోంచి లేచింది.

"హారతిస్తారా బాబూ? నేను బయటుంటాను."

"కాదు, కూర్చోండి శాంతమ్మగారూ. వెంకాయమ్మగారూ, ముందు మీరు. మీ బాధ చెప్పండి." గంట ఊపాను.

"నాకేం బాధ బాబూ?"

"రోజూ కేకలేస్తారు కదా. ఆవిడ వల్ల కలిగే బాధ."

వెంకాయమ్మ ఆలోచించి, "ముక్కకి పొర వదిలేసుద్ది," అంది.

"అలా కాదండీ. ‘మీరు పొర వదిలేసినప్పుడు నా మనసు కష్టపడుతుంది’ అనాలి."

"పొరకి నా మనసెందుకు కష్టపడుద్ది? పచ్చడి కష్టపడుద్ది గానీ."

శాంతమ్మ కిసుక్కున నవ్వింది. నేను గంట ఊపాను. "శాంతమ్మగారూ, ఇప్పుడు ఆవిడ చెప్పింది మీరు మళ్లీ చెప్పాలి."

"ఎందుకు బాబూ? తను చెప్పింది తనకి వినపళ్లేదా?"

పాఠకులారా, అక్కడ ఆపేసి ముగ్గురం టీ తాగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ వివాదం పైకి కనిపించేచోట ఉండదు, లోతుకి వెళ్లాలి అని మాస్టారు చెప్పారు. నేను లోతుకి వెళ్లాను.

"పాతవి ఏమైనా మనసులో ఉంటే బయటపెట్టండి. ఇది మంచి సమయం."

శాంతమ్మ నవ్వు ఆగింది. కొంచెంసేపు గంట వైపు చూసింది.

"నా కూతురి పెళ్లికొచ్చి అన్నం తినకుండా వెళ్లిపోయింది."

వెంకాయమ్మ తల తిప్పింది. "ఆ రోజు శనివారం. నాకు ఒక్కపొద్దు."

"నాతో చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదేం?"

నేను గంట ఊపాను. ఎవరూ మాట్లాడలేదు. నాకు పట్టలేనంత ఆనందమైంది. లోతుకి చేరాం కదా! ఆ ఊపులో ఒప్పందం చెప్పేశాను. కేకలు వద్దు. ఒకరినొకరు గౌరవంగా పిలుచుకోవాలి. తప్పు కనిపిస్తే ముఖాన అనకూడదు, నాతో చెబితే నేను చేరవేస్తాను. ఇద్దరూ తలూపారు.

మర్నాడు షెడ్డులో ఏమి మర్యాద!

"వెంకాయమ్మగారూ, ముక్కలు పంపమన్నారా?"

"మీ వీలునిబట్టి కానివ్వండి శాంతమ్మగారూ."

నేను పొంగిపోయాను. పోరు నష్టం, పొందు లాభం అన్న పెద్దల మాట నా చేతుల్లో నిజమైందనుకున్నాను. ఏమే, ఒసే అనుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఒక రోజు పొద్దున లేచి గారు అనుకోవడం మొదలుపెడితే దాని అర్థమేమిటో కృష్ణా జిల్లాలో పసిపిల్లలకి తెలుసు. నాకూ తెలుసు. హైదరాబాదులో మరిచిపోయి వచ్చాను.

ఆ వారమే మైలవరం తోటల నుంచి కాయలు వస్తుంటే దారిలో వాన పడింది. ఆవకాయకి నీటిచుక్క తగిలితే అంతే సంగతులు. కాయని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు కొట్టాలి. బుట్ట ముందుకు రాగానే వెంకాయమ్మ ముక్క పట్టుకు చూసి నన్ను పిలిచింది.

"బాబూ, ముక్కల్లో చెమ్మ ఉంది. ఆవిడగారికి చెప్పండి."

చెప్పడానికి నేను బయల్దేరాను. విమర్శని రెండు పొగడ్తల మధ్య పెట్టి ఇవ్వాలని మా పాఠం.

"శాంతమ్మగారూ, మీ కత్తిపీట పనితనం గొప్పది. తేమ విషయం కూడా ఒకసారి ఆలోచిస్తే బాగుంటుందేమో. మీవంటివారు దొరకడం మా అదృష్టం."

"సంతోషం బాబూ," అని ఆవిడ ఇంకో కాయ కొట్టింది.

నేను తిరిగొచ్చి వెంకాయమ్మతో "చెప్పానండీ" అన్నాను. ఆవిడ నా వైపు, బుట్ట వైపు చూసింది. ఒకప్పుడైతే ఆ బుట్ట గాల్లో లేచేది. ఇప్పుడు మారు మాట్లాడకుండా కారం, ఆవపిండి పోసి కలిపేసింది.

కొద్దిరోజులకే జాడీల మూతలు తీస్తే పచ్చడి మీద తెల్లటి బూజు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఒప్పందం అంత గట్టిగా ఉంది. ఆ సాయంత్రం వెంకాయమ్మ చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, రేపొచ్చి నా కొంగుగుడ్డలూ అవీ తీసుకెళ్తాను. ఇక రాను."

"అదేమిటండీ! బూజు గురించి ఎవరూ మిమ్మల్ని..."

"బూజు గురించి కాదు బాబూ. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు లేరు."

మర్నాడు ఏడుంబావుకి అత్తయ్య రిక్షా వచ్చి ఆగింది. ఆపరేషను అయి, నల్లకళ్లద్దాలతో నేరుగా షెడ్డుకే వచ్చింది. ఎప్పటిలాగే వక్కపలుకు వేసుకుని కూర్చుంది. కూర్చునే ఉంది. లోపల్నుంచి చప్పుడు లేదు. ఉన్నట్టుండి రిక్షావాడి భుజం పట్టుకుని గబగబా లోపలికి వచ్చింది.

"ఎవర్రా పోయింది?"

"ఎవరూ పోలేదు అత్తయ్యా. సంధి కుదిర్చాను."

అంతా చెప్పాను. ఆవిడ జాడీ దగ్గరికి వెళ్లి వాసన చూసింది. తర్వాత, "వెంకాయమ్మా, ఈ కాయలు తుడవకుండా కొట్టిందెవరు?" అంది.

"శాంతమ్మగారండీ."

"గారా!" అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. నా చేతిలోంచి గంట లాక్కుని సంచిలో వేసుకుంది. "చూడండే, జాడీలు పాడయ్యాయి. తప్పు మీ ముగ్గురిదీ. ఎవరిది ఎక్కువో మీరే తేల్చుకోండి," అని, నా రెక్క పుచ్చుకుని బయటికి లాక్కొచ్చి రిక్షాలో కూలేసింది.

ఇద్దరం కూర్చున్నాం. బస్సులు పోతున్నాయి. కాసేపటికి లోపల్నుంచి వెంకాయమ్మ గొంతు, మెల్లగా:

"చెమ్మ ఉందని కబురంపానండీ."

"నాకు పొగడ్తలొచ్చాయండీ. చెమ్మ రాలేదు."

"కబురు రాకపోతే నీ చేతికి తడి తెలీదా?"

"తెలిసే కొట్టాను!" రేకులు అదిరాయి. "తిడతావని కొట్టాను! బుట్ట నా మొహాన విసురుతావని చూస్తా కూర్చున్నాను. నువ్వు నోరు మూసుకుని కలిపేశావు! ఇక నేనెవర్నే నీకు?"

అత్తయ్య వక్కపలుకు నమలడం ఆపింది. శాంతమ్మ ఆగలేదు.

"ఒక్కపొద్దని చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవటే, మహాతల్లీ?"

"పెళ్లిలో ఏడుస్తా తిరుగుతున్నావు, నీకు చెప్పే సందేదే? అంత బాధగా ఉంటే ఇప్పుడు పెట్టవే అన్నం!"

"ఇప్పుడా? పొద్దున్నే?"

"ఏం, నీ క్యారేజీలో లేదా?"

క్యారేజీ గిన్నె మూత కింద పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కాసేపు ఏమీ వినిపించలేదు. ఈసారి అత్తయ్య కంగారుపడలేదు.

"నేను లోపలుంటే న్యాయం చెప్పమంటారు," అంది రోడ్డు చూస్తూ. "చెబితే ఒకళ్లు ఓడిపోతారు. ఓడినవాళ్లు మర్నాడు పనిలోకి రారు."

"ఈ మాట వెళ్లేముందే నాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే నువ్వు పుస్తకంలో రాసుకునేవాడివి."

లోపల్నుంచి వెంకాయమ్మ కేక: "ఇదేం పప్పే, ఉప్పే లేదు!"

"దిగు," అంది అత్తయ్య.

వాళ్లలో మొదట అత్తయ్య పోయింది. తర్వాత చాలా ఏళ్లకి వెంకాయమ్మ. ఆవిడ పెద్దకర్మకి శాంతమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. తెల్లచీర కట్టుకుంది. చర్చివాళ్లు కదా, ఈ భోజనం తినరని ఎవరూ రమ్మనలేదు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి, నా పక్క విస్తరి ముందు కూర్చుంది. ఆఖరి మెతుకు దాకా తింది. "ఉప్పెక్కువైంది," అంది, ఎవరితోనూ కాకుండా.

కనుక ఆ పూజగంట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇద్దరు మనుషులు మనస్ఫూర్తిగా తిట్టుకుంటుంటే ఇక ఈ జన్మలో మధ్యకి వెళ్లను. వెళ్లినా లోతుకి వెళ్లను.

షెడ్డు ఇప్పుడు మా అబ్బాయి చూస్తున్నాడు. ముక్కలు యంత్రం కొడుతుంది. అక్కడ అందరూ ఒకరినొకరు గారు అనే పిలుచుకుంటారు. గేటు బయట ఎవరూ ఆగరు.