కొమ్ములు మార్చిన జింకలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్లకే బుర్ర నిండిపోయి, ఇంకెవరైనా ఏదైనా చెబితే పెట్టుకోవడానికి చోటు మిగలని వయసు. కరోనా ఆంక్షలు సడలిన ఏడాది గల్ఫ్‌కు వచ్చి, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో ఫైబర్ బొమ్మలు చేసే వర్క్‌షాప్‌లో చేరాను. ఒక మాల్‌లో డిసెంబరు అలంకరణకు ఎనిమిది రెయిన్‌డీర్ బొమ్మలు కావాలన్నారు. మంచుదేశాల అడవి జింకలవి. మేమేమో అక్టోబరు ఉక్కలో, రేకుల షెడ్డు కింద బనియన్లు పిండుకుంటూ, వాటికి చలికాలపు దట్టమైన బొచ్చు అతికిస్తున్నాం.

మా ఫోర్‌మన్‌ది నిర్మల్ వైపు. అందరం పెద్దన్న అనేవాళ్లం. రెండు రోజులు వేరే సైటుకు వెళ్తూ కొమ్ములు బిగించే పని నాకప్పగించి, "డ్రాయింగ్‌ల ఎట్లుంటె గట్లనె జెయ్యి. నీ తెలివి వెట్టకు" అన్నాడు. డ్రాయింగ్‌లో ఏడు ఆడవాటికి కొమ్ములున్నాయి, ఒక్క మగదానికి లేవు. పగలబడి నవ్వాను. మా ఊరి అడవిలో దుప్పుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి, కొమ్ములు మగదానికే ఉంటాయని నాకొకరు చెప్పాలా? (గీసినావిడ ఆ మంచుదేశంలోనే పుట్టి, ఈ జంతువుల గురించే చదువుకుందట. అది ముందే తెలిసినా, పాపం సరిగ్గా చదవలేదనుకునేవాణ్ణి.) ఆడవాటి నెత్తిమీది చిల్లులన్నీ పుట్టీతో మూసేశాను. మగదానికి కొత్తగా రెండు చిల్లులు పొడిచి, అన్నిట్లోకీ పెద్ద జత బిగించాను.

మూడో రోజు పొద్దున పెద్దన్న ఆ డ్రాయింగ్ గీసినావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. సాయంత్రానికి మాల్ బండి వస్తుంది. ఆవిడ మందను చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏం జేసినవ్‌రా?" అన్నాడు పెద్దన్న.

"డ్రాయింగ్ తప్పున్నదన్నా. సరి జేసిన."

ఆవిడ ఓపిగ్గా ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పెద్దన్న పళ్లు నూరుతూ నాకు తర్జుమా చేశాడు. "చలికాలం రాంగనె మగదాని కొమ్ములు ఊడిపోతయట. ఆడదాని కడుపుల పిల్ల ఉంటదిగద, మంచు తవ్వి తీసుకున్న మేత ఇంకోటి గుంజుకోకుండ ఎండకాలం దాక దాని కొమ్ములు దానికుంటయట. సమజైందా, డాక్టర్ సాబ్?"

నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. గబగబా ఉలి అందుకున్నాను. పుట్టీ తవ్వుతూ కూర్చుంటే పెద్దన్న తిట్టుకుంటూనే పక్కన చతికిలబడి నాలుగు బొమ్మలు తనే చేశాడు. మధ్యలో ముదీర్, అంటే మా మేనేజరు, తొంగిచూస్తే, "రంగు ఆరుతుంది సార్, యల్లా, అయిపోయింది" అని హిందీలో ఒక అరబ్బీ ముక్క కలిపి తొందరపెట్టి పంపేశాడు. చివరికి మగదాని నెత్తిన కొమ్ములు తీసేసిన చోట రెండు గరుకు మచ్చలు మిగిలాయి. వాటిని నున్నగా రుద్దబోతుంటే ఆవిడ నా చెయ్యి ఆపింది. కొమ్ములు ఊడినచోట నిజంగా అలాంటి మచ్చలే ఉంటాయట! ఉద్యోగం నిలబడింది.

ఇప్పటికీ డిసెంబరులో ఆ మాల్‌కు వెళ్తాను. నిరుడు ఒక పాప "నాన్నా, దీనికి కొమ్ములేవి?" అని తెలుగులో అడిగింది. "విరిగిపోయుంటాయమ్మా" అన్నాడా తండ్రి. ఆగలేక మొత్తం కథ చెప్పేశాను, కడుపులో పిల్లతో సహా.

"మీరు జువాలజీ లెక్చరరాండీ?" అన్నాడాయన గౌరవంగా.

"కాదండీ, పుట్టీ పని" అన్నాను.