బలిపీఠం వెనక ఇప్పపూలు

బూర్గంపాడు దాటగానే బస్సు చెడిపోయింది. నేను నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నాను. వెనకటి స్టాపులో ఎక్కి నా పక్కన కూర్చున్నాయన ఒళ్లోని దుప్పటి మూట విప్పాడు. లోపల పాత టేకు పలక, దాని అంచు పొడవునా చెక్కిన పూలగుత్తులు.

"మా ఊరి పాత చర్చిలది సార్. బలిపీఠం వెనక ఉంటది. మా తాత చెక్కిండు. ద్రాక్షగుత్తులు చెయ్యమన్నరంట. ఆయన ద్రాక్ష ఎన్నడు చూళ్లే. ఇప్పపూలు చెక్కిండు."

"బాగున్నాయిగా?"

"సారా కాసే పూలు దేవుని కాడ ఏందని కొత్త ఫాదర్ గరమైండు. ఈ పూలన్ని చిత్రికపట్టి తీసేసి ద్రాక్షలు చెక్కమన్నడు. నేను గూడ వడ్రంగినే. ఏం జెయ్యమంటరు సార్?"

డ్రైవరు ఇంజను మీదికి వంగి ఏదో తిప్పుతున్నాడు. నా చూపంతా అటే ఉంది.

"వాళ్లు చెప్పినట్టు చేసెయ్యవయ్యా," అన్నాను, అతని మొహం చూడకుండానే.

"అవ్ సార్," అన్నాడు. దుమ్మేమీ లేకపోయినా ఆ పూలను తువ్వాలుతో తుడిచి మళ్లీ మూట కట్టాడు.

తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. అతను ఎక్కిన ఊళ్లో చర్చి రోడ్డు పక్కనే ఉంది. బస్సు అక్కడ ఆగిన ప్రతిసారీ దిగి చూద్దామని లేస్తాను. రైట్ రైట్ అనేలోపే మళ్లీ కూర్చుంటాను.