నూట డెబ్బై రెండు మీటర్ల వైరు

కరీంనగర్‌లో మేము కట్టుకున్న కొత్త ఇంట్లో పాలు పొంగించింది పన్నెండో తారీఖు, గురువారం, ఉదయం ఆరూ ఇరవైకి. అయ్యగారు పెట్టిన ముహూర్తం ఆరూ పద్దెనిమిది. ఆ రెండు నిమిషాలు మా ఆయన అగ్గిపెట్టె ఎక్కడ పెట్టారో వెతకడానికి పోయాయి. ఇవన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. బోథ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. రాసి పెట్టుకోనిది జరిగినట్టే అనిపించదు నాకు.

రిటైరైనా పాఠం చెప్పడం మానలేదు. బోథ్‌లో ఆడపిల్లల హాస్టల్ మా పాత ఇంటికి ఎదురుగానే ఉండేది. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. పంతొమ్మిది మంది. వాళ్ళ బడిలో లెక్కల టీచరు పోస్టు ఖాళీగానే ఉంది. మా ఆయన గుండె చూపించుకునే డాక్టరు కరీంనగర్‌లో ఉన్నాడని ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు, పిల్లలతో ఒక్కటే అన్నాను: "ఊరు మారుతున్న గని గంట మారదు. గదే ఆరింటికి టీవీల కనవడుత."

హాస్టల్ భోజనాల గదిలో పెద్ద టీవీ ఉంది. ఇంటర్నెట్ ఉంది. ఇటు నా ఇంట్లో ఉంటే చాలు. అదే లేదు.

గురువారం సాయంత్రం ఫోనుతో ప్రయత్నించాను. కొత్త కాలనీ, సిగ్నల్ ఒక్క గీత. ఏడు నిమిషాల్లో తొమ్మిది సార్లు తెగింది. చివరిసారి నోరు తెరిచి మాట్లాడుతుండగా నా బొమ్మ అలాగే నిలిచిపోయిందట, పిల్లలు నవ్వారట. రాత్రి వార్డెన్ ఫోన్ చేసింది.

"మేడం, ఇంగ్లీషు సారు గా గంట నాకియ్యుండ్రి అని రోజు సతాయిస్తుండు. సోమవారం ఆరింటికి మీరు కనవడితే గంట మీదే. కనవడకపోతే పరీక్షల దాక ఆయనకే ఇస్త. తప్పు పట్టకుండ్రి."

తప్పు పట్టలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనైనా అదే చెప్పేదాన్ని. కానీ ఆ పిల్లల్లో లెక్కలు అంటే కాళ్ళు వణికేవాళ్ళు ఆరుగురు ఉన్నారు. భయం పోయిన రోజు కొట్టేద్దామని ఆ ఆరుగురి పేర్ల పక్కన ఒక్కో గుర్తు పెట్టుకున్నాను; ఇప్పుడిప్పుడే దారికి వస్తున్నారు. పరీక్షల దాకా గంట పోతే వాళ్ళు లెక్కల్లో తప్పుతారు. తప్పితే ఇంటికి పోతారు. ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ బడికి రావడం నేను చాలా తక్కువ సార్లు చూశాను.

శుక్రవారం కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకే వైరులో వస్తాయన్నారు. శనివారం పదింటికి మనిషిని పంపుతామన్నారు. పదకొండూ నలభైకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, భుజాన వైరు డ్రమ్ము. మెయిన్ రోడ్డు వైపు చూశాడు, మా ఇంటి వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, మా బాక్సు మెయిన్ రోడ్డు మీది కరెంటు పోలుకు ఉన్నది. ఆన్నుంచి మూల దాక పోవాలె, మూల తిరిగి మీ ఇంటి దాక రావాలె. డ్రమ్ముల వైరు సాలదు."

"ఎంత ఉన్నది డ్రమ్ముల?"

"నూట యాభై మీటర్లు ఉంటదేమో."

"ఉంటదేమో అంటే?"

"అందాజ, అమ్మా."

అందాజ అనే మాట నా క్లాసులో ఎవరూ అనరు. కళ్ళద్దాలు పెట్టుకుని వైరు చేతిలోకి తీసుకున్నాను. దాని మీద మీటరు మీటరుకూ తెల్లటి అంకె అచ్చు వేసి ఉంది. బయటి కొస దగ్గర 828. డ్రమ్ము పక్కన రంధ్రంలోంచి బయటకు వచ్చిన లోపలి కొస దగ్గర 1000.

"నూట డెబ్బై రెండు," అన్నాను.

"గా నంబర్లు ఎవరు సూస్తరమ్మా!" అని నవ్వాడు. "గంతున్నా సాలదు. రెండు వందలు దాటుతది. అతుకు పెడితే మా ఓనరు ఊకోడు, అతుకు కాడ సిగ్నల్ పడిపోతది. కొత్త డ్రమ్ము హైదరాబాద్ నుంచి రావాలె. వారం, పది రోజులు."

"సోమవారం ఆరింటికి నాకు క్లాసు ఉన్నది బిడ్డా."

"నేనేం జెయ్యాలె అమ్మా, వైరు సాగుతదా?"

అతని తప్పేమీ లేదు. వైరు సాగదు. కానీ రెండు వందలు దాటుతుందన్నది కూడా అందాజే కదా.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక బట్టల దండెం విప్పాను. నైలాన్ తాడు. దాన్ని టేపుతో సరిగ్గా ఇరవై మీటర్లకు కొలిచి ముడి వేశాను. పోలు దగ్గర మొదలుపెట్టి మెయిన్ రోడ్డు వెంట మూల దాకా ఆరు తాళ్ళు, పైన ఒక మీటరు. మూల నుంచి మా ఇంటి దాకా నాలుగు తాళ్ళు, ఎనిమిది మీటర్లు. తాడు రెండో కొస మా ఆయనకు ఇచ్చాను. ఆయన పట్టుకున్నారు కానీ నోరు ఊరుకోలేదు.

"ఏందే, ఇల్లు మారి మూడు రోజులు గాలే, రోడ్డు కొలుస్తున్నవ్. పక్క ప్లాటోడు సూసిండంటే హద్దులు జరుపుతున్నరని లొల్లికొస్తడు."

"వస్తే ఆయనకు గూడ ఒక కొస ఇస్త. మీరు సక్కగ పట్టుకోండ్రి, తాడు వదులైతుంది."

నూట ఇరవై ఒకటి, ఎనభై ఎనిమిది. కలిపితే రెండు వందల తొమ్మిది. కేబుల్ మనిషి చెప్పింది నిజమే. రోడ్డు వెంట వస్తే చాలదు.

రోడ్డు వెంట ఎందుకు రావాలి? మా కాలనీ ఇంకా నిండలేదు. పోలుకూ మా ఇంటికీ మధ్య ఒక్క ఇల్లు తప్ప అన్నీ కంప మొలిచిన ఖాళీ ప్లాట్లు. మూల సరిగ్గా లంబకోణమా కాదా అని మూల ప్లాటు ప్రహరీ గోడకు ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టి, అడ్డంగా కొలిచాను. అయిదడుగులు వచ్చింది. ఇక ఇంట్లోకి వెళ్ళి కాగితం తీశాను. రెండు భుజాల వర్గాలు కలిపితే ఇరవై రెండు వేల మూడు వందల ఎనభై అయిదు. వర్గమూలం నూట నలభై తొమ్మిదిన్నర దాటింది, నూట యాభై కాలేదు. ఈ లెక్క నేను ముప్పై ఒక్క ఏళ్ళు బోర్డు మీద చెప్పాను. చెట్టు, నిచ్చెన, గోడ అంటూ చెప్పాను. నాకోసం ఎప్పుడూ చేసుకోలేదు.

రాత్రి అతనికి ఫోన్ చేసి అంకెలన్నీ చదివి వినిపించాను.

"మంచిగనే ఉన్నదమ్మా. కని గాలిల గీత గీస్తే వైరు ఆగదు కద? నడుమల ఎత్తుమీద ఒక్క కాడన్న కట్టాలె."

నడుమ ఉన్నది ఒక్కటే ఇల్లు, రెండంతస్తులది. టైర్ల దుకాణం నడుపుకునే ముస్లిం కుటుంబం. ఇంటి పెద్దావిడకు నా వయసే ఉంటుంది, నేను ఆపా అని పిలుస్తాను. గురువారం మేము పంపిన బూరెల పళ్ళెం ఖర్జూరాలతో తిరిగి వచ్చింది. ఆ ఇల్లు నా గీత మీద లేదు, ఎనిమిది మీటర్లు పక్కకు ఉంది. మళ్ళీ లెక్క వేశాను. అంత పక్కకు వంగినా వైరు ఒక మీటరు కూడా పెరగదు. గీత మధ్యలో తోవ తప్పితే పెద్ద నష్టం ఉండదని పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇది, ఇన్నేళ్ళూ చెప్పలేదు.

పోలు మీద అయిదు మీటర్లు, వైరు కిందికి వంగడానికి రెండు, డాబా మీద చుట్టడానికి రెండు, మా ఇంట్లోకి దిగడానికి ఆరు. గీతకు నూట యాభై ఒకటి కలిపి మొత్తం నూట అరవై ఆరు రాసుకున్నాను.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. ఆపా పెద్దకొడుకు, "గిది అడగాల్నా అమ్మా? కట్టుకోండ్రి," అన్నాడు. వచ్చి నోటుబుక్కులో 'అనుమతి: వచ్చింది' అని రాసి కింద గీత కొట్టాను. అక్కడే నేను తప్పు చేశాను. అంకెలన్నీ అడిగాను గానీ సోమవారం పగలు ఆ ఇంట్లో ఎవరుంటారని అడగలేదు.

సోమవారం పదకొండుంబావుకు అతను వచ్చి, పోలు ఎక్కి ఒక కొస కట్టి, ప్లాట్లలో వైరు పరుచుకుంటూ వాళ్ళ గేటు దాకా వెళ్ళి ఆగిపోయాడు. నేను వెళ్ళేసరికి తల గోక్కుంటున్నాడు.

"మగోళ్ళందరు దుకాణం పోయిండ్రట అమ్మా. మీదికి మెట్లు ఇంట్ల నుంచే. కోడండ్లు మీద బట్టలారేస్తుండ్రు. నేనెట్ల పోవాలె? ఆళ్ళు వచ్చినంక సూద్దం."

"ఎన్నింటికి వస్తరు?"

"తొమ్మిదయితది."

గడియారం చూశాను. పదకొండూ నలభై ఎనిమిది. ఆరు గంటలకు ఇంకా ఆరు గంటల పన్నెండు నిమిషాలు. గుమ్మం పరదా వెనక నుంచి ఆపా గొంతు వినిపించింది.

"క్యా హువా అక్కా? పిల్లగాడు ఎందుకు పరేషాన్ అయితుండు?"

చెప్పాను. ఆమె పరదా జరిపి మోకాలు పట్టుకుని బయటికి వచ్చింది.

"మగోళ్ళు లేకుంటే ఏమాయె? మనం లేమా? వైరు గుంజనీకి మీసాలు గావాల్నా? ఫికర్ నక్కో కరో, దిగులు పడకు. నువ్వు రా మీదికి."

కేబుల్ మనిషి నా ముఖం చూశాడు. "నాకు నేర్పు," అన్నాను. వాళ్ళ గేటు కొక్కేనికి పాత వైరు ముక్క కట్టి చూపించాడు. బిగించే ఇనుప పట్టీలో మూడు చుట్లు, మలుపు దగ్గర గుండ్రంగా ఉండాలి, మడత పడకూడదు, లోపల గాజు ఉంటుంది, విరిగితే అంతే. నేను రెండుసార్లు కట్టి చూపించాను. రెండోసారి, "నాకంటె సక్కగ కట్టిండ్రు," అన్నాడు.

ముప్పై ఆరు మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి ఆగాను. పైన ఎండబెట్టిన మిరపకాయలు, తడి బట్టలు, ఇద్దరు కోడళ్ళు. వాళ్ళు దుప్పట్లు జరిపి దారి ఇచ్చారు. కింది నుంచి అతను రాయి కట్టిన తాడు విసిరాడు. మొదటిది గోడకు తగిలి పడింది. రెండోది మిరపకాయల్లో పడింది. చిన్న కోడలు తాడు పట్టుకుంది, పెద్ద కోడలు ఆమె వెనక, నేను పిట్టగోడ దగ్గర. ఆపా కుర్చీలో కూర్చుని హుకుం చేసింది.

"జోర్‌సే! అన్నం తినలేదా మీరు? నా చేతుల బలముంటే ఒక్కదాన్నే గుంజుదును!"

వైరు పైకి వచ్చింది. కింద ప్లాటులో మా ఆయన గొడుగు పట్టుకుని, కంపలో చిక్కుకోకుండా వైరును చేతికర్రతో ఎత్తుతూ, "మెల్లగ! మెల్లగ!" అని అరుస్తున్నారు. నీళ్ళ ట్యాంకు పక్క ఇనుప కడ్డీకి పట్టీ బిగించి మూడు చుట్లు చుట్టాను. ఆపా వచ్చి వేలితో తట్టి చూసింది.

"గిది కరెంట్ కొడతదా? పిల్లలు తిరుగుతరు ఈడ."

"దీంట్ల కరెంటు ఉండదు ఆపా. సన్నని గాజుపోగు ఉంటది. దాంట్ల ఎలుతురు పోతది."

"ఒట్టి ఎలుతురేనా?" వైరును ఇంకోసారి తట్టింది. "ఎలుతురైతే పోనీ. కని నీ చుట్లు సాలవు, గాలొస్తే ఊడుతది." నేను వద్దంటున్నా వినకుండా తన చేత్తో ఇంకో పెద్ద చుట్టు తిప్పింది. మడత పడకుండానే తిప్పింది.

మిగతా వైరు మా ఇంటి వైపు దించాము. అతను అందుకుని ప్లాట్లు దాటి మా డాబా మీదికి చేర్చి, కిటికీలోంచి నా గదిలోకి దించాడు. ఇంటర్నెట్ పెట్టె బిగించాడు. మూడు దీపాలు ఎర్రగా మెరిసి, ఆకుపచ్చగా నిలిచాయి. మూడూ పదిహేడుకు ఇంటర్నెట్ వచ్చింది, నాలుగూ అయిదుకు టీవీ. మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, గొడుగు ముడవడం కూడా మరిచిపోయి, వార్తలు పెట్టుకున్నారు.

అతను వైరు కోసిన చోట అంకె చదివాను. 995. అందులోంచి 828 తీసేస్తే నూట అరవై ఏడు. నేను రాసుకున్నది నూట అరవై ఆరు. ఆ ఒక్క మీటరు ఎక్కడ పోయిందో నాకు తెలుసు. ట్యాంకు కడ్డీ చుట్టూ ఉంది, ఆపా తిప్పిన చుట్టులో.

"అమ్మా," అన్నాడు పోతూ పోతూ, "అయిదు మీటర్లు మిగిలింది డ్రమ్ముల. మా ఓనరుకు చెప్తే నమ్మడు."

"అంకెలు రాసిస్త, తీస్కపో." రాసిచ్చాను.

అయిదూ యాభై ఎనిమిదికి టేబులు ముందు కూర్చున్నాను. తెర మీద ముందు భోజనాల గది గోడ కనిపించింది, తరువాత వార్డెన్ వీపు, తరువాత ఒక్కసారిగా జడలు, ముఖాలు. మరాఠీ ఇంటి పిల్ల ఒకతె బెంచీ ఎక్కి, "దిసలీ! టీచర్ దిసలీ!" అని అరిచింది. "కనవడుతుండ్రు టీచర్, ఈసారి నోరు గూడ కదులుతుంది!" అని ఇంకొకతె అంది. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

హాజరు తీసుకున్నాను. పంతొమ్మిది. తరువాత బోర్డు మీద ఒక పోలు, ఒక మూల, ఒక ఇల్లు గీశాను. నూట ఇరవై ఒకటి, ఎనభై ఎనిమిది. అడ్డంగా ఎంత? ఏడు నిమిషాలు పట్టింది. మొదట జవాబు చెప్పింది నేను గుర్తు పెట్టుకున్న ఆరుగురిలో ఒకతె. నా ముందు ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల.

"నూట నలభై తొమ్మిదిన్నర కన్నా జరంత ఎక్కువ టీచర్." చెయ్యి దించలేదు. "టీచర్, వైరు నడుమల కిందికి వంగుతది కద? దానికి ఎంత కలిపిండ్రు?"

ఈ ప్రశ్న పుస్తకంలో ఉండదు. ఆ వంపు సంగతి నేను కేబుల్ మనిషితో కూడా చెప్పలేదు. రెండు మీటర్లు అని చెప్పి, రెండే ఎందుకన్నది రేపు చెబుతానన్నాను. వార్డెన్ తెర ముందుకు వచ్చి, "రేపు గూడ ఆరింటికేనా మేడం?" అంది.

"ఆరింటికే," అన్నాను. ఆ రాత్రి నోటుబుక్కులో ఆ పిల్ల పేరు పక్కనున్న గుర్తు కొట్టేశాను. అయిదుగురు మిగిలారు.